రాయిలో నడిచిన నీళ్లు

కాశిబుగ్గ, వరంగల్
11 మార్చి 1979, ఆదివారం

మొగిలమ్మకు నీ బావ రాయమల్లు దీవెనలతో రాసేది.

ఇక్కడ నేను బాగున్నాను. ఇల్లు బాగుంది, పక్కింటి సత్యనారాయణ మగ్గం ఆగకుండా నడుస్తోంది, నువ్వు పందిరికి ఎక్కించి పోయిన కాకరతీగ నాలుగు కాయలు కాసింది. అక్కడ నువ్వు, పాప, బామ్మర్ది వాళ్లు సుఖంగా ఉన్నారని, ఈ ఉత్తరం డోర్నకల్ చేరేసరికి అత్త కర్ర పట్టుకోకుండా వాకిట్లోకి వచ్చి కూర్చుంటుందని అనుకుంటున్నాను.

నీకు చదవడం కష్టం కాకుండా అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. ఆలస్యమైనా సరే, ఈసారి నువ్వే చదువుకో. వదిన చేత చదివించకు. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. అన్నం పొద్దున ఒక్కసారే వండుకుంటున్నాను. సాయంత్రం సత్యనారాయణ భార్య కళావతి రెండు జొన్నరొట్టెలు పంపిస్తోంది, వద్దన్నా వినడం లేదు. రేషన్ కిరసనాయిలు తెచ్చాను. పాపకు కింది చిగుళ్లలో తెల్లగా కనిపిస్తోందని రాశావు. అది పన్నే, చీము కాదు, భయపడకు. దవాఖానకు తీసుకుపోవాలని వదిన అంటే, జ్వరం ఉంటేనే పోండి.

పోయిన ఆదివారం నేను వచ్చినప్పుడు మూగవాడిలా ఎందుకు కూర్చున్నానని అడిగావు. పాపను ఎత్తుకొని కూడా నవ్వలేదని రాశావు. నువ్వు చూసింది నిజమే. దానికి జవాబు ఒక ముక్కలో రాదు.

ఇక అత్త అడిగిన ప్రశ్న. "రాయిల నూనె ఉంటదంటాండు, అల్లుడు మంచిగనే ఉన్నడా?" అని నవ్విందట. నేను కూడా మొదట అట్లాగే నవ్వానని అత్తకు చెప్పు.

పోయిన ఏడాది ఎండాకాలం గుజరాత్ నూనె బావుల కంపెనీ నుంచి మా కాలేజీకి ఒక చెక్కపెట్టె వచ్చింది. లోపల గుడ్డ చుట్టి మైనం పూసిన ఒక రాయి. గుండ్రంగా, మన రొట్టెల కర్ర అంత ఉంది. అరుణ మేడం దాన్ని రెండు చేతులతో తీసి బల్ల మీద పెట్టింది. హనుమకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం వెంకట్రాజం గారి బిడ్డ, నాలుగేళ్లుగా పెద్ద డిగ్రీ కోసం ఈ ఒక్క పని మీదే ఉంది, నీకు తెలుసు. మైనం గీకిన చోట చూపించి, "రాయమల్లూ, ఒక నీళ్లచుక్క ఎయ్యి" అంది. వేశాను. చుక్క రాయి మీద ఒక్క క్షణం ముత్యంలా నిలబడింది, తర్వాత లేదు. పక్కకు జారలేదు, తడి కూడా మిగలలేదు.

"ఏడికి పోయింది మేడం?"

"లోపటికి. ఇది కోట్ల ఏండ్ల కింద సముద్రం ఒడ్డున పడ్డ ఇసుక. మీద మీద పడి, బరువుకు అదుముకపోయి రాయైంది. గింజకు గింజకు నడుమ సన్న సందులుంటయి. నూనె గా సందులల్ల ఉంటది, చెరువోలె ఉండది."

అది ఎంత లోతు నుంచి తీశారో అడిగాను. మన ఇంటి నుంచి వరంగల్ స్టేషన్ ఎంత దూరమో, ఇంచుమించు అంత లోతు. నేలలోకి నిలువుగా అంత దూరం. మొగిలీ, ఆ రోజు రాయిని పట్టుకుంటే నా చేతికి బరువు కొత్తగా తగిలింది. మనిషి పుట్టక ముందు కెరటం కొట్టిన ఇసుక నా చేతిలో ఉంది, ఇంకా దాహంతో ఉంది.

మేడం పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు, నాకే సరిగ్గా తెలియదు కాబట్టి. భూమిలో నుంచి పెట్రోలు తీసే ఆ నూనె దానంతట అది కొన్నేళ్లే వస్తుందట. ఆ తర్వాత ఒక బావిలోకి నీళ్లు ఎక్కిస్తారు. ఆ నీళ్లు రాతి సందుల్లో నూనెను తోసుకుంటూ పోతే, దూరంగా ఉన్న ఇంకో బావిలో నూనె పైకి వస్తుంది. ఏదో ఒక రోజు నూనె వెనకాలే నీళ్లు కూడా ఆ బావిని చేరతాయి. ఆ రోజు ఎప్పుడు, అప్పటికి రాయిలో ఏ చోట ఎంత నీరు నిండింది, ఎంత నూనె మిగిలింది అన్నది పైనున్న మనిషికి కనిపించదు. మేడం దాన్ని లెక్కతో చూస్తుంది. ఆ లెక్కలు చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీదికి ఎక్కుతాయి, నేను ఆ కార్డుల డబ్బాను ఒళ్లో పెట్టుకొని రైల్లో హైదరాబాద్ కంప్యూటరు దగ్గరికి మోసుకుపోతాను. ఒక్క కార్డు వరస తప్పినా పని చెడిపోతుంది. నువ్వు నవ్వేదానివి, పసిపిల్లను మోసినట్టు మోస్తానని.

ఒకసారి మేడం నల్లబల్ల మీద ఒక గీత గీసి, సుద్దముక్క పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. గీత ముందుకు పోయి, తన మీద తానే వాలినట్టు వంగి ఉంది.

"ఇగో, లెక్క నన్ను ఎక్కిరిస్తాంది చూడు. రాయిల ఒక్క జాగల నీళ్లెన్ని అని అడిగితే మూడు జవాబులు చెప్తాంది. ఎక్కువ నీళ్లున్న జాగ, తక్కువ నీళ్లున్నదానికన్న జోరుగ ఉరుకుతది. ఎనుకది ముందటిదాన్ని దాటిపోతది. కాగితం మీద దాటుతది గని రాయిల ఎట్ల దాటుతది? ఒక్క జాగల ఒక్కతీరు నీళ్లే ఉండాలె గదా."

"మరి ఏం జేస్తది మేడం?"

డస్టరుతో ఆ వంగిన పొట్టను తుడిచేసింది. దాని చోట నిట్టనిలువుగా ఒక గీత గీసింది. "గోడ కడతది. ఇటు తుడిచినంత అటు నింపాలె, నీళ్లు ఏడికీ మాయం గావు. గా గోడ నడుచుకుంట పోతది. గోడ ముందట నూనె, ఎనుక నీళ్లు."

ఎండిన మడిలోకి మొదటి తడి వదిలినప్పుడు నువ్వు చూసే ఉంటావు. నీళ్లు ఒక అంచు కట్టుకొని వస్తాయి. అంచుకు ఇవతల బురద, అవతల దుమ్ము. రాయి లోపల, చీకట్లో, ఎవరూ చూడని చోట కూడా నీళ్లు అట్లాగే అంచు కట్టుకొని నడుస్తాయని ఈమె బల్ల మీద చెబుతోంది. నమ్మాలో వద్దో తెలియలేదు.

పోయిన జూలైలో మొదటి పరీక్ష చేశాం. రాయిని ఇనుప గొట్టంలో బిగించి, నూనెతో నింపి, ఒక చివర నుంచి పంపుతో ఉప్పునీళ్లు మెల్లగా ఎక్కించాలి. రెండో చివర సన్న పైపు, దాని కింద గీతలున్న గాజు గ్లాసు. పది నిమిషాలకోసారి గ్లాసు మార్చి, నూనె ఎంత, నీళ్లెంత అని పుస్తకంలో రాయాలి. ఆ రాసే పని నాది. మేడం చెప్పిన ప్రకారం చాలాసేపు వట్టి నూనే రావాలి, ఆ తర్వాత గోడ చివరికి చేరగానే ఒక్కసారిగా సగానికి పైగా నీళ్లు రావాలి. పుస్తకంలో మాత్రం నీళ్లు పదకొండు గంటల ప్రాంతంలో చుక్కచుక్కగా మొదలై, మూడు గంటల సేపు మెల్లమెల్లగా పెరిగినట్టు ఉంది. మేడం రెండు రోజులు ఆ పుస్తకం ముందే కూర్చుంది.

ఆమె పెద్ద డిగ్రీ పనికి గురువైన రాజేశ్వర్ రావు సారు చూసి, "అరుణా, దీపం వత్తి నూనెను గుంజినట్టు సన్న సందులు నీళ్లను ముందటికి గుంజుతయి. గా గుంజుడు నీ లెక్కల లేదు. అందుకే నీ గోడ అరిగిపోయి వాలైంది" అన్నాడు. సారు తెలిసిన మనిషి, మాటలో తప్పు లేదు. మళ్లీ చేసి చూద్దామంటే, కడిగి ఆరబెట్టేటప్పుడు ఆ రాయి పగిలింది. గుజరాత్ నుంచి రెండో రాయి వచ్చేదాకా నేను రాసిన పుస్తకం ఒక్కటే సాక్ష్యం. గుజరాత్‌కు పంపిన రిపోర్టులో కూడా అదే పోయింది.

ఏడు నెలలు మేడం తన లెక్కను ఆ పుస్తకానికి సరిపోయేలా మార్చుతూనే ఉంది. ఎంత గుంజుడు కలిపినా ఆ వాలు రాలేదు. పన్నెండుసార్లు కార్డులు హైదరాబాద్ పోయి వచ్చాయి. చివరికి ఆ రాయికి ఏ రాయికీ లేనంత గుంజుడు ఉందని ఒప్పుకొని, ఏదో ఒక కొత్త లెక్క కట్టింది. మనిషి సగమైంది. నవ్వు కూడా తగ్గింది.

ఈ నెల ఒకటో తారీఖున రెండో పరీక్ష. పాత రాయి పక్క నుంచే కోసిన రాయి. ఈసారి మేడం రాయి పొడుగునా పది చోట్ల సన్న వైర్లు పెట్టించింది. నూనె కరెంటును పోనివ్వదు, ఉప్పునీళ్లు పోనిస్తాయి. అందుకని నీళ్లు ఏ చోటుకు చేరితే అక్కడి మీటరు ముల్లు లేస్తుంది. పొద్దున ఆరింటికి పంపు ఆన్ చేసే ముందు నల్లబల్ల మీద రెండు వరసలు రాసింది.

"ఇది పాత లెక్క, ఇది కొత్త లెక్క. పాతదాని ప్రకారం ఒక్కొక్క ముల్లు కదలకుంట పండుకొని, టైం రాంగనే లేస్తది, నలభై నిమిషాలకొకటి. కొత్తదాని ప్రకారం అన్ని ముండ్లు ముందుగాలనే మెల్లమెల్లగ కదులుతయి. ఏది నిజమో ఇగ రాయే చెప్పాలె."

పాత లెక్కలో మొదటి ముల్లుకు ఆరు నలభై అని ఉంది. ఆరున్నరకు ముల్లు పడుకునే ఉంది. ఆరు ముప్పై ఎనిమిదికి లేచింది. నేను గడియారం చూశాను, బల్ల చూశాను. రెండోది ఏడూ ఇరవై. మిగతా ఎనిమిది ముళ్లు చచ్చినట్టు పడి ఉన్నాయి, కొత్త లెక్క ప్రకారం అప్పటికే కదలాలి. ఏడూ ఇరవై ఒకటికి రెండోది లేచింది. మూడోది ఎనిమిదింటికి. నాలుగోది ఎనిమిదీ నలభైకి.

మొగిలీ, ఎట్లా చెప్పాలి నీకు. ఇనుప గొట్టం, దాని లోపల రాయి, ఆ రాయి లోపల కంటికి కనిపించని సందులు. ఆ సందుల్లో నీళ్లు ఎవరి మాటా వినవు, ఎవరినీ చూడవు. అయినా ఈమె సుద్దముక్కతో రాసిన టైముకు వచ్చి ముల్లును ఎత్తుతున్నాయి. ఆరో ముల్లు ముందు నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను, గుళ్లో హారతి వేళ నిలబడ్డట్టు. పది గంటలైంది. లేచింది. మేడం కళ్లనిండా నీళ్లు నిండాయి, అయినా పెన్ను ఆపకుండా రాస్తూనే ఉంది. ఆ కోట్ల ఏళ్ల ఇసుకకు ఒక నియమం ఉంది, ఆ నియమం హనుమకొండ దుకాణదారు బిడ్డకు తెలిసింది. నేను పుట్టి పెరిగిన ఈ ఊళ్లో, నేను రోజూ ఊడ్చే గదిలో.

పన్నెండూ యాభైకి పైపు చివర నూనె పడుతూ పడుతూ ఉన్నట్టుండి రంగు మారింది. అప్పటిదాకా ఒక్క చుక్క నీళ్లు లేవు. తర్వాతి గ్లాసులో సగానికి పైగా నీళ్లు. సాయంత్రం దాకా తోసినా రాయిలోని నూనెలో మూడో వంతు లోపలే మిగిలింది. "ఇగ ఎంత తోసినా రాదు. నీళ్లకు వాటి తొవ్వ దొరికింది, గా నూనె సందులల్ల చిక్కుకొని అట్లనే ఉంటది" అంది మేడం. ఆమె గొంతులో ఏడు నెలల తర్వాత పాత మేడం వినిపించింది.

మర్నాడు సారు రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశాడు. నేను అల్మారా దగ్గర సామాను సర్దుతున్నాను.

"అరుణా, ఒక్క బావిల రాళ్లు. ఒకటి వాలు చూపిస్తాంది, ఒకటి గోడ చూపిస్తాంది. రెండిట్ల ఒకటి తప్పు. మొదటిదేమో రిపోర్టుల పోయింది. ఇప్పుడు రెండోది సరిగ్గ నీ పాత లెక్కకు అతికినట్టు వచ్చిందంటే, నువ్వే అతికించినవని అంటరు. నేను అంటలేను, అడిగేటోళ్లు అడుగుతరు. గురువారం గుజరాత్ ఇంజనీరు వస్తాండు. ఏం చెప్తవు?"

మేడం మొదటి పుస్తకం పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పింది. "మొదటి పుస్తకంల తప్పు నాకు దొరుకుతలేదు సార్" అంది.

తప్పు అల్మారా దగ్గర నిలబడి ఉంది, మొగిలీ. ఆ తప్పు నేను.

ఆదివారం నీ దగ్గరికి వచ్చింది ఇది చెప్పడానికే. అత్త మంచం పక్కన నువ్వు పాపను నా ఒళ్లో పెట్టి నవ్వుతూ ఉంటే నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

మొదటి పరీక్ష జరిగిన రోజు ఏదో నీకు తెలుసు. మన పాప పుట్టిన రోజు. మేడం ఆ రోజు కాలేజీలో లేదు. కంప్యూటరు టైం దొరికిందని కార్డులు తానే తీసుకొని తెల్లవారి బండికి హైదరాబాద్ పోయింది. సారు కూడా ఊళ్లో లేడు. పది నిమిషాలకోసారి గ్లాసు చూడటానికి నేను ఒక్కణ్నే. పదకొండు కావస్తుండగా సత్యనారాయణ సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"మొగిలమ్మకు నొప్పులు లేసినయి, నెల ముందుగాలనే. దవాఖానకు తీస్కపోయిన్రు. నెత్తురు పోతాందట. నువ్వు జర జల్ది రా."

పైపు కింద పెద్ద సీసా పెట్టాను, పంపు నడుస్తుండగానే తలుపు దగ్గరికేసి వచ్చేశాను. ఎవరినీ అడగలేదు. అడగడానికి ఎవరూ లేరు. నువ్వు నన్ను చూడగానే ఏమన్నావో నీకు గుర్తుందా? ఆ నొప్పుల్లో కూడా, "నౌకరీ పోతది, నువ్వు పో బావా" అన్నావు. నీ ఫికర్ తీరాలని నోటికి వచ్చింది చెప్పాను. "మేడం పొమ్మన్నది. నీ భార్యకంటే ఎక్కువనా, పో అన్నది" అన్నాను. నీ ముఖం తేటపడింది. గంటకు పాప పుట్టింది. నర్సు గుడ్డలో చుట్టి ఇచ్చింది. అరచేతుల్లో సరిపోయేంత ఉంది. నేను దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

తిరిగి లాబ్‌కు వచ్చేసరికి రెండు గంటలు. సీసాలో నూనె, నీళ్లు రెండూ నిండి ఉన్నాయి. పుస్తకంలో మూడు గంటల గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆలస్యంగా వచ్చానని అంతకు పదిహేను రోజుల ముందే ఒక మెమో తిన్నాను. నా పర్మనెంట్ ఫైలు ఆఫీసులో ఉంది. ఒక్క రీడింగు తప్పినా పరీక్ష మొత్తం దండగ అని సారు గట్టిగా చెప్పి ఉన్నాడు. సీసాలో ఉన్నదాన్ని కొలిచాను, పద్దెనిమిది గళ్లలోకి పంచి రాశాను. నీళ్లు అంటే మెల్లగా మొదలై మెల్లగా పెరుగుతాయి కదా అనుకున్నాను. మొత్తం మాత్రం సీసాకు సరిపోయేలా చూసుకున్నాను. అంత జాగ్రత్తగా రాశాను కాబట్టే ఎవరికీ దొరకలేదు.

తర్వాత ఒక్కొక్క నెల గడుస్తుంటే చెప్పడం ఇంకా కష్టమైంది. మేడం ఆ పద్దెనిమిది అంకెల కోసం తన లెక్కను ముక్కలు చేసుకోవడం నేను రోజూ చూశాను. చూస్తూ ఆమె బల్ల తుడిచాను, చాయ తెచ్చి ఇచ్చాను. ఇంకో మాట కూడా చెబుతాను, దాచను. నా అంకెలే నిజమేమోనని నాకే అనిపించడం మొదలైంది. సారు అంతటివాడు వాటికి కారణం చెప్పాడు కదా. ఆ ముళ్లు లేచిన రోజున కానీ నేను చేసిందేమిటో నాకు పూర్తిగా తెలియలేదు.

సోమవారం పొద్దున సారు గదిలో ఇద్దరూ ఉండగా పోయి నిలబడ్డాను.

"సార్, మొదటి పుస్తకం తప్పు. నేనే రాసిన."

"ఏమంటానవ్?"

"పదకొండు నుంచి రెండు దాకా నేను లేను సార్. నా భార్యకు నొప్పులొస్తే దవాఖానకు పోయిన. సీసాల పడ్డదాన్ని కొలిచి పంచి రాసిన."

సారు కుర్చీలోంచి లేచాడు. "ఏడు నెలలు, రాయమల్లు. ఈమె ఏడు నెలలు లేనిదాని ఎంబడి తిరిగింది. నేను తిప్పిన. నీకు ఎరికేనా?"

మేడం ఆయన వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. పుస్తకం తెరిచి, "ఎన్ని గంటలకు పోయినవ్? సరిగ్గ చెప్పు" అంది. పదకొండు గంటల గ్లాసు చూసి రాయగానే అన్నాను. "వచ్చింది?" రెండు. "వచ్చినంక చూసి రాసిన మొదటి అంకె ఏది?" వేలు పెట్టి చూపించాను. రెండూ పదిది.

నా పద్దెనిమిది అంకెల మీద కాగితం ముక్క కప్పింది. తన పాత గీతను పక్కన పరిచింది. పదకొండు దాకా నేను చూసి రాసినవన్నీ గీత మీదే ఉన్నాయి. రెండూ పది అంకె గీత మీద ఉంది. తర్వాతవి ఒక్కొక్కటీ గీత మీద ఉన్నాయి. తర్వాత ఆ మూడు గంటల్లో పాత లెక్క ప్రకారం ఎంత నూనె, ఎంత నీళ్లు పడాలో కూడింది. ఆ రోజు సీసాలో నేను కొలిచిన మొత్తానికి, ఆమె మొత్తానికి ఒక చెంచాడు కూడా తేడా లేదు. సారు వంగి చూసి, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఆ రాయి పగిలి ఏడు నెలలు దాటింది. అయినా అది నిజంగా ఏం చేసిందో ఆ గీతకు తెలుసు. కళ్లతో చూసి రాసిన అంకెలన్నీ ఒక దారిన పోతున్నాయి, నేను పుట్టించినవి మాత్రం ఎవరికీ కానివాళ్లలా పక్కన నిలబడ్డాయి. నాకు సిగ్గు కంటే ముందు ఆశ్చర్యమే కలిగింది, నిజం చెబుతున్నాను.

అప్పుడు మేడం నా వైపు చూసింది. "ఖాళీ ఇడిసిపెడితే అయిపోతుండె గదా. లేను అని రాస్తే, ఆ మూడు గంటలు పక్కకు పెట్టి మిగిలినయి చూసుకుందును."

"భయమైంది మేడం."

"నాకూ భయమైంది. ఏడు నెలలు నాకు లెక్క రాదనుకున్న."

ఎర్ర పెన్సిలుతో పద్దెనిమిది అంకెలకూ అడ్డంగా ఒక గీత గీసి, 'చూసి రాసినవి కావు' అని రాసి, నా చేత సంతకం పెట్టించింది.

గురువారం గుజరాత్ నుంచి ఇంజనీరు వచ్చాడు. తల నెరిసిన మనిషి. మేడం కొట్టేసిన పేజీతో సహా అన్నీ ఆయన ముందు పెట్టింది, ఏదీ దాచలేదు. ఆయన ఆ ఎర్రగీత మీద వేలు పెట్టి ఎవరని అడిగితే నేనే లేచి నిలబడ్డాను. ఆయన పేజీ తిప్పాడు. రెండో పరీక్ష కాగితాల దగ్గర ఆగి, పది ముళ్ల టైములు వేలితో ఒక్కొక్కటే చదివాడు. తర్వాత ఉర్దూ కలిసిన హిందీలో చెప్పాడు, నాకు అర్థమైనంత రాస్తున్నాను. వాళ్ల దగ్గర ఒక బావి నాలుగేళ్లు వట్టి నూనే ఇచ్చిందట. ఒక వారంలో ఉన్నట్టుండి సగం నీళ్లొచ్చాయట. పైపు పగిలిందనుకొని అంతా తవ్వి వెతికారట, ఎక్కడా పగుల్లేదు. "గోడ వచ్చిందన్న మాట" అని ఆయన మేడం గీత ఉన్న కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. రొట్టెల కర్ర అంత రాయిలో ఏడు గంటల్లో జరిగిందే, అక్కడ కోసు దూరం రాయిలో నాలుగేళ్లకు జరిగింది. రెండింటికీ ఒకటే లెక్క. మేడం పనిని ఇంకో రెండేళ్లు నడిపిస్తామని, ఆ గీత నకలు తీసుకొని పోయాడు.

నా సంగతి అడుగుతావు. నౌకరీ పోలేదు. మెమో ఇచ్చారు, పర్మనెంట్ ఏడాది వెనక్కి పోయింది. వచ్చే ఒకటో తారీఖు నుంచి లాబ్‌లో ఉండను, కాలేజీ స్టోర్‌లో ఇనుప సామాను ఇచ్చే పని. సారు వేసిన శిక్ష న్యాయంగానే ఉంది. అయినా ఆ గది వదిలి పోవాలంటే మనసు ఒప్పుకోవడం లేదు, ఇంకా ఎన్ని రాళ్లు ఏమేం చెబుతాయో చూడకుండానే పోతున్నాను.

ఇంజనీరు పోయాక వరండాలో మేడంతో మిగిలిందంతా చెప్పాను. ఆ రోజు నువ్వు నా మాట నమ్మి, దవాఖాన మంచం మీదే, "నిన్ను నా దగ్గరికి పంపిన తల్లి పేరే పెడదాం" అన్నావని, మన బిడ్డ పేరు అరుణ అని చెప్పాను. నువ్వు రాసిన ప్రతి ఉత్తరం కింద మేడంకు దండాలు చెప్పమంటావని, నేను ఒక్కసారి కూడా చెప్పలేదని చెప్పాను. ఆమె వరండా స్తంభానికి ఆనుకుంది.

"ఆ రోజు నేనుంటే పొమ్మనేదాన్నే. గని నేను లేను గదా. నేను చెయ్యనిదానికి నా పేరు పెట్టుకున్నరు" అంది. కొంచెం ఆగి, "ముందుగాల నీ భార్యకు చెప్పు. అంతా తెలిసినంక గూడ ఆమె ఆ పేరే ఉండనిస్తనంటే, నాకు సంతోషం. వద్దంటే, నేను తప్పు పట్ట. ఆమె ఏమంటదో నాకు గూడ చెప్పు" అంది.

అందుకని నీకు అంతా చెప్పాను. నీకు కోపం వస్తుంది, రానీ. నొప్పుల్లో ఉన్నదానికి అబద్ధం చెప్పాడని అత్తతో అనాలనుంటే అను. నన్ను ఏమన్నా పడతాను. నువ్వు బతికి, బిడ్డ బతికి ఉన్న ఆ మూడు గంటల గురించి మాత్రం నాకు బాధ లేదు. వాటిని వేరే అంకెలతో కప్పినందుకే బాధ.

ఆలోచించుకొని నిదానంగా జవాబు రాయి, తొందర లేదు. ఆ జవాబులో మన బిడ్డను పేరు పెట్టి రాయి. నువ్వు ఏ పేరు రాస్తే, ఆ పేరుతోనే పిలుస్తాను.

ఇట్లు,
నీ బావ
రాయమల్లు